హాట్ టబ్ పంపు మొరాయిస్తే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హాట్ టబ్ పంపు మీదే. చాలామంది కొత్త పంపు ధర కనుక్కున్నాకే మాకు రాసినట్టున్నారు. పంపు తిరగడం లేదంటే పంపు పోయిందనే అర్థం కాదు. కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా), గాలి, ఫిల్టరు, సీలు (మోటారులోకి నీరు కారకుండా ఆపే బిగింపు) – ఈ నాలుగూ చూశాకే మోటారు మీద అనుమానం పెట్టుకోవాలి.

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక్క మాట, మళ్లీ మళ్లీ రాయం కాబట్టి గుర్తుంచుకోండి. మూత విప్పేముందు టబ్‌కి కరెంటు ఇచ్చే మెయిన్ బ్రేకర్ ఆపండి. ప్యానెల్ మీద బటన్ నొక్కి ఆపితే చాలదు, లోపలి బోర్డులో కరెంటు అలాగే ఉంటుంది. బ్రేకర్ ఆపాక కూడా మల్టీమీటర్ పెట్టి, వైర్ల మధ్యా, ఒక్కో వైరుకీ ఎర్త్‌కీ మధ్యా సున్నా చూపిస్తోందని నిర్ధారించుకోండి. మీటరు పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న ప్లగ్గులో చూసుకోవడం మరవకండి. పాడైన మీటరు కూడా సున్నాయే చూపిస్తుంది.

ప్రశ్న: జెట్ల బటన్ నొక్కితే మోటారు గుయ్యిమని మూలుగుతుంది గానీ తిరగదు. పది పదిహేను సెకన్లకి మూలుగు ఆగిపోతుంది. కాసేపాగి నొక్కితే మళ్లీ అదే వరస. మోటారు కాలిపోయినట్టేనా అండీ?

కాలిపోయిన మోటారు సాధారణంగా మూలగదు. మూలుగుతోందంటే కరెంటు వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) దాకా వస్తోంది, షాఫ్ట్ (తిరిగే ఇరుసు) మాత్రం కదలడం లేదు. అలా ఆగి ఉన్న మోటారు మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, అందుకే వేడెక్కి లోపలి ఓవర్‌లోడ్ స్విచ్ ఆపేస్తోంది. "ఇంకోసారి చూద్దాం" అని బటన్ నొక్కుతూ పోతే బాగున్న వైండింగ్ కూడా నిజంగానే కాలుతుంది. కాబట్టి ముందు ఆ పని మానండి.

కరెంటు ఆపి, మోటారు వెనక వైపు చూడండి. మధ్యలో చిన్న ప్లాస్టిక్ మూతో, నాలుగు స్క్రూల కవరో ఉంటుంది. అది తీస్తే షాఫ్ట్ చివర కనబడుతుంది. దానిమీద స్క్రూడ్రైవర్ పెట్టే గాడి గానీ, స్పానర్ పట్టేలా చదును చేసిన భాగం గానీ ఉంటుంది. చేత్తో తిప్పి చూడండి.

తేలిగ్గా తిరిగితే లోపం కరెంటు వైపు. ఎక్కువసార్లు దొరికేది కెపాసిటర్. అందులో కరెంటు నిల్వ ఉంటుంది గనుక ముందు ఖాళీ చేయాలి: 20 వేల ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో రెండు టెర్మినళ్ల మధ్య కొన్ని సెకన్లు పెట్టి, తర్వాత మీటరుతో వోల్టేజి సున్నా అయిందో లేదో చూడండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది. మంచిది కాదు, కెపాసిటర్ లోపల దెబ్బ తింటుంది, కంటికీ ప్రమాదం. ఇప్పుడు ఒక వైరు ఊడదీసి కెపాసిటెన్స్ కొలవండి. రన్ కెపాసిటర్ మీద ఉదాహరణకి "30 మైక్రోఫారడ్, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం" అని ఉంటే కొలత 28.5కి తగ్గకూడదు. స్టార్ట్ కెపాసిటర్ (నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది) మీద "124–149" లాగా రెండు అంకెలుంటాయి, కొలత ఆ మధ్యన రావాలి. పైభాగం ఉబ్బినా, నూనె కారినా కొలవక్కర్లేదు, మార్చేయండి. కొత్తదాని మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి. వోల్టేజి రేటింగ్ అంతే ఉండొచ్చు, ఎక్కువుండొచ్చు, తగ్గకూడదు.

స్టార్ట్ కెపాసిటర్ ఉన్న మోటారైతే సెంట్రిఫ్యూగల్ స్విచ్ కూడా చూడండి. షాఫ్ట్ వెనక భాగంలో ఉంటుంది. వేగం అందుకోగానే స్టార్ట్ వైండింగ్‌ని విడదీయడం, మోటారు ఆగాక మళ్లీ కలపడం దాని పని. మోటారు ఆగేటప్పుడు "టక్" మనే చప్పుడు దానిదే. చీమలో, చిన్న పురుగులో దూరి కాంటాక్టుల మధ్య చితికితే కలవాల్సినవి కలవవు. కాంటాక్టుల మధ్య సన్నని గరుకు కాగితం ఒకసారి లాగి, దుమ్ము ఊదేస్తే చాలాసార్లు సరిపోతుంది. గుంటలు పడి ఉంటే స్విచ్ మార్చాలి.

షాఫ్ట్ బిగుసుకుపోయి ఉంటే మూడు కారణాలు. టబ్ నెలల తరబడి వాడకపోతే సీలులోని కార్బన్, సిరామిక్ ముఖాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్పానర్‌తో అరచుట్టు తిప్పగానే విడిపోయి, తర్వాత తేలిగ్గా తిరుగుతుంది. అలా విడిపోయిన సీలు కారడం మొదలుపెట్టవచ్చు, వారం రోజులు కింద గమనించండి. కొంచెం తిరిగి, టక్కున తగిలి ఆగుతుంటే ఇంపెల్లర్‌లో, అంటే నీటిని తోసే రెక్కల చక్రంలో, ఏదో ఇరుక్కుంది. మొదటి నుంచి చివరిదాకా గరగరమంటూ బరువుగా తిరిగితే బేరింగ్.

ప్రశ్న: నీళ్లు మార్చి మళ్లీ నింపాను. మోటారు చక్కగా తిరుగుతోంది, కానీ జెట్లలోంచి చుక్క రాదు. ప్యానెల్ మీద ఫ్లో లేదని కోడ్ చూపిస్తోంది.

గాలి పట్టింది. ఖాళీ చేసినప్పుడు పైపుల్లోకి వెళ్లిన గాలి పంపు కేసింగ్‌లో (ఇంపెల్లర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ డొప్పలో) చిక్కుకుంది. ఈ పంపులు గాలిని తోయలేవు, కేసింగ్ నిండా నీరుంటేనే నీటిని తోస్తాయి. ఫ్లో లేకపోతే హీటర్ కాలిపోకుండా బోర్డు ఆ కోడ్ వేసి వేడిని ఆపేస్తుంది. కోడ్ రావడం మంచికే.

ముందుగా పంపుకి రెండువైపులా ఉన్న వాల్వులు పూర్తిగా తెరిచి ఉన్నాయో లేదో చూడండి. నీటి మట్టం ఫిల్టర్ నోటికి పైన ఉండాలి. ఫిల్టర్ తీసి పక్కన పెట్టండి. జెట్ల గాలి నాబ్‌లు మూసేయండి. ఇప్పుడు బ్రేకర్ ఆపి, పంపు నుంచి నీరు బయటికి వెళ్లే వైపు యూనియన్ నట్టు, అంటే పైపుని పంపుకి కలుపుతూ కేసింగ్ పైభాగంలోనో పక్కనో ఉండేది, అరచుట్టు మాత్రమే వదులు చేయండి. బుస్సుమని గాలి పోతుంది, తర్వాత బుడగలతో నీరు, ఆ తర్వాత బుడగల్లేని నీరు. అప్పుడు బిగించండి. చేతి బిగువు, దానిపైన కొద్దిగా, చాలు. గొలుసు రెంచితో బిగిస్తే నట్టు పగులుతుంది. కేసింగ్ మీద గాలి తీసే చిన్న స్క్రూ ఉన్న పంపుకి యూనియన్ ముట్టుకోనక్కర్లేదు.

కరెంటిచ్చి లో స్పీడ్‌లో పది సెకన్లు నడిపి ఆపండి, మళ్లీ పది సెకన్లు. హై స్పీడ్‌లో నిమిషాల తరబడి నడిపితే గాలి పోదు సరికదా, నీళ్లు లేక సీలు ముఖాలు మాడిపోతాయి. ఈసారి నింపేటప్పుడు గొట్టాన్ని టబ్‌లో పడేయకుండా, ఫిల్టర్ తీసి ఆ గుంటలో పెట్టండి. నీరు పంపు వైపు నుంచి పైకి నిండుతుంది, గాలిని ముందే తోసేస్తుంది.

ప్రశ్న: పంపు కింద ఎప్పుడూ చెమ్మ ఉంటోంది. రోజుకి ఒక గ్లాసుడు నీళ్లుంటాయేమో. మోటారు మాత్రం బాగానే తిరుగుతోంది. ఇప్పుడే ఏదైనా చేయాలా, కొంతకాలం ఆగొచ్చా?

ఆగకండి. ఈ పేజీలో మిగతా ఉత్తరాల్లో సగం జబ్బులు ఈ చెమ్మతోనే మొదలవుతాయి. సీలులోంచి కారే నీరు షాఫ్ట్ వెంట మోటారులోకి చేరి, ముందు బేరింగ్‌లో గ్రీజుని కడిగేస్తుంది. బేరింగ్ తుప్పుపట్టి అరుస్తుంది, చివరికి వైండింగ్‌కి తడి తగిలి ట్రిప్ అవుతుంది. ఇప్పుడు చిన్న సీలుతో పోయేది, అప్పుడు మోటారంతా మార్చాల్సి వస్తుంది.

ముందు ఎక్కడినుంచి కారుతోందో తేల్చాలి. పైనున్న జెట్ వెనక కారిన నీరు కూడా పైపు వెంట జారి పంపు మీద పడుతుంది. అంతా పొడిగుడ్డతో తుడిచి, ప్రతి అతుకు కిందా ఒక టిష్యూ ముక్క పెట్టి, అరగంట నడిపి టార్చి వేసి చూడండి. మోటారుకీ ప్లాస్టిక్ కేసింగ్‌కీ మధ్య సందులోంచి చుక్క పడితే షాఫ్ట్ సీలు. కేసింగ్ చుట్టూ అతుకు తడిస్తే పెద్ద ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు). నట్టు దగ్గరైతే యూనియన్ ఓ-రింగ్. నీరు ఆరి ఆరి మిగిలిన తెల్లటి ఉప్పు చార కూడా దారి చూపిస్తుంది. ఇంకొక్క గుర్తు: పంపు ఆపినప్పుడు మాత్రమే కారి, నడిచేటప్పుడు ఆగిపోతే, నీరు లాగే వైపు అతుకు వదులైంది. నడిచేటప్పుడు అక్కడ బయటి గాలినే లోపలికి పీలుస్తుంది, అందుకే జెట్లలో సన్నటి బుడగలు ఆగకుండా వస్తాయి.

సీలే అని తేలితే పని ఇలా సాగుతుంది. వాల్వులు రెండూ మూయండి. వాల్వులే లేకపోతే టబ్ ఖాళీ చేయక తప్పదు. పంపు ప్లగ్గు బోర్డు నుంచి ఊడదీసేముందు ఫోనులో ఫోటో తీసుకోండి. మోటారు ఒంటికి బిగించిన రాగి ఎర్త్ తీగ కూడా విప్పాలి, తిరిగి బిగించడం మాత్రం చాలామంది మరచిపోతారు. కింద తొట్టి పెట్టి యూనియన్లు విప్పితే కేసింగ్‌లో ఉన్న కొద్దిపాటి నీరు పడుతుంది. పాదం బోల్టులు తీసి పంపుని వెలుగులోకి తెచ్చుకోండి. ఇరుకులో కూర్చుని చేసే పని కాదిది.

కేసింగ్ చుట్టూ స్క్రూలు తీస్తే ఇంపెల్లర్ బయటపడుతుంది. అది షాఫ్ట్‌కి మరతో ఎక్కి ఉంటుంది. వెనక షాఫ్ట్‌ని స్పానర్‌తో పట్టి, ఇంపెల్లర్‌ని ముందు నుంచి చూస్తూ గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పండి. రాకపోతే రబ్బరు పట్టీ రెంచి వాడండి. వెనకనుంచి స్క్రూడ్రైవర్ దూర్చి పీకితే రెక్క విరుగుతుంది. ఇప్పుడు సీలు రెండు భాగాలుగా కనిపిస్తుంది: స్ప్రింగు, నల్లటి కార్బన్ ముఖం ఉన్నది ఇంపెల్లర్ వెనక, రబ్బరు కప్పులో కూర్చున్న తెల్లటి సిరామిక్ రింగు మోటారు వైపు ప్లేటులో. రెండూ జతగానే మార్చాలి. పాత కార్బన్‌కి కొత్త సిరామిక్ పెడితే మొదటి రోజునుంచే కారుతుంది.

కొనేముందు షాఫ్ట్ వ్యాసం కొలవండి. టబ్ పంపుల్లో ఎక్కువగా కనిపించేవి 5/8 అంగుళం, అంటే దాదాపు 15.9 మిల్లీమీటర్లు, లేదా 3/4 అంగుళం, 19 మిల్లీమీటర్లు. పాత సీలు తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసి కొనడం మరీ మేలు. ఓజోన్ వాడే టబ్‌కైనా, ఉప్పు నీటి పద్ధతిలో నడిచేదానికైనా మామూలు రబ్బరు సీలు బదులు వైటాన్ రబ్బరు, సిలికాన్ కార్బైడ్ ముఖాలున్నది అడగండి.

బిగించడంలో ఒక్క సంగతే కీలకం: మెరిసే ముఖాలకి వేలు తగలకూడదు. వేలి జిడ్డు, దుమ్ము రేణువు, ఏదైనా సరే ఆ రెండు ముఖాల మధ్య సందు చేస్తుంది. తగిలితే స్పిరిట్‌లో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. ప్లేటులో గుంట శుభ్రం చేసి, రబ్బరు కప్పుకి సబ్బు నీరు రాసి, సిరామిక్ ముఖాన మెత్తటి కార్డుబోర్డు ముక్క ఉంచి, సరిపోయే పీవీసీ పైపు ముక్కతో వంకర రాకుండా నెట్టండి. నున్నటి ముఖం మీవైపు, రబ్బరు లోపలికి. గ్రీజు, వంటనూనె, వాసలిన్ వద్దు. పెట్రోలియం జిడ్డుకి కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కార్బన్ భాగాన్ని కూడా సబ్బు నీటితోనే ఇంపెల్లర్ మెడ మీదికి ఎక్కించండి, నల్ల ముఖం సిరామిక్ వైపు చూడాలి.

ఇంపెల్లర్ చేత్తో బిగిస్తే చాలు, తిరిగేకొద్దీ తనంతట తానే బిగుస్తుంది. కేసింగ్ ఓ-రింగ్‌కి సిలికాన్ గ్రీజు పలచగా రాసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి. చివరగా వెనకనుంచి షాఫ్ట్ ఒక చుట్టు తిప్పండి. ఎక్కడా రాసుకోకూడదు. నీళ్లు నిండకుండా "ఒక్క క్షణం చూద్దాం" అని ఆన్ చేయడం మాత్రం వద్దు. పెట్టిన సీలు ఆ క్షణంలోనే పోతుంది.

తీసినప్పుడు షాఫ్ట్ మీద గోరు గీయండి. గాడి తగిలినా, ఇంపెల్లర్ నోరు అరిగినా, కేసింగ్ ప్లాస్టిక్ మెలితిరిగినా సీలొక్కటే మార్చి లాభం లేదు.

ప్రశ్న: పంపు ఆన్ చేస్తే కీచుమని అరుపు. హై స్పీడ్‌లో పక్క గదిలోకి వినిపిస్తుంది. బేరింగ్ మారిస్తే సరిపోతుందా?

అది నిజంగా బేరింగ్ అరుపో కాదో ముందు తేల్చుకోండి. లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు గరగరలాడితే బేరింగ్ కాదు, నీళ్లందక పంపు కొట్టుకుంటోంది. ఫిల్టర్ తీసి నడిపితే ఆ చప్పుడు తగ్గుతుంది. మీరు రాసినట్టు వేగంతోపాటు పెరిగే కీచుమనే అరుపైతే బేరింగే అయ్యుంటుంది. ఖాయం చేసుకోవాలంటే కేసింగ్, ఇంపెల్లర్, సీలు మూడూ తీసేసి, మోటారుని నేలకి బిగించినట్టు గట్టిగా పట్టి ఉంచే చోట పెట్టి, కొన్ని సెకన్లు ఒంటరిగా నడపండి. తిరిగే షాఫ్ట్ దగ్గరికి చేతులు, బట్టలు రానీయకండి. అరుపు అలాగే ఉంటే బేరింగ్ పని చూడాలి.

మోటారు వైండింగ్ బాగుంటే బేరింగులు మార్చడం గిట్టుబాటే. విప్పేముందు ముందు మూత, మధ్య గొట్టం, వెనక మూత మీదుగా మార్కరుతో ఒక గీత గీయండి, అదే గీత కలిసేలా బిగించాలి. నాలుగు పొడవాటి బోల్టులు తీస్తే రోటర్ బయటికొస్తుంది. వెనక బేరింగ్ గుంటలో అలలు అలలుగా వంగిన పలచటి వాషరుంటుంది. అది కింద పడి మాయమైతే మోటారు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పాత బేరింగ్ అంచున అంకె చదవండి. ఈ మోటార్లలో తరచు కనిపించేది 6203: లోపలి వ్యాసం 17, బయటిది 40, మందం 12 మిల్లీమీటర్లు. కొన్నింటిలో ముందువైపు 6204 ఉంటుంది: 20, 47, 14. రెండువైపులా రబ్బరు మూతలున్నదే, అంటే అంకె చివర 2ఆర్‌ఎస్ ఉన్నదే కొనండి. వేడి మోటారు కాబట్టి సీ3 (లోపల కాస్త ఎక్కువ సందు ఉన్నది) అని ఉన్నది మంచిది.

పుల్లర్‌తో లాగి తీయాలి. ఎక్కించేటప్పుడు బలమంతా లోపలి రింగు మీదే పడాలి, ఆ వ్యాసానికి సరిపడే పైపు ముక్క పెట్టి తట్టండి. బయటి రింగు మీద కొడితే గోళీల దారిలో సొట్టలు పడి, కొత్త బేరింగే కొద్ది రోజుల్లో అరవడం మొదలెడుతుంది. ఎలాగూ విప్పారు, రెండు బేరింగులూ, సీలూ ఒకేసారి మార్చండి. పాత సీలుతో కొత్త బేరింగ్ వేయడం డబ్బు దండగ.

ప్రశ్న: టబ్ ఆన్ చేయగానే లీకేజీ బ్రేకర్ పడిపోతోంది. పంపే కారణమని ఒకరన్నారు. బ్రేకర్ కొంచెం పెద్దది వేస్తే నిలబడుతుందా?

బ్రేకర్ జోలికి పోవద్దు. నీళ్లలో కూర్చున్న మనిషికీ కరెంటుకీ మధ్య ఉన్న కాపలా అదే. 30 మిల్లీయాంపుల దగ్గర పడేది మీ ఇంట్లో ఉంటే అదే ఉండాలి, కొన్ని దేశాల్లో 5 మిల్లీయాంపులకే పడేవి వాడతారు. నిలబడకపోవడం దాని తప్పు కాదు.

పంపు కన్నా ముందు హీటర్ని అనుమానించండి. దాని రాడ్డు మీద తొడుగు చిట్లితే నీరు లోపలి తీగకి చేరుతుంది. ఎప్పుడు పడిపోతోందన్నది సగం చెప్పేస్తుంది: వేడి అడిగినప్పుడే పడితే హీటర్, జెట్లు ఆన్ చేసినప్పుడే పడితే పంపు, ఆన్ చేయగానే పడితే హీటర్, ఓజోన్ యంత్రం, లేదా తడిసిన వైరు. కరెంటు ఆపి అన్నీ విడదీయండి, హీటర్ రెండు వైర్లూ తీసి టేపు చుట్టండి. కరెంటు ఇవ్వండి. నిలబడితే మళ్లీ ఆపి ఒకటి కలపండి, ఇవ్వండి. ఏది కలిపినప్పుడు పడుతుందో అదే దొంగ.

పంపే అని తేలితే, బోర్డు నుంచి పూర్తిగా విడదీసిన మోటారుకి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరుతో) వైండింగ్‌కీ ఒంటికీ మధ్య కొలవండి. బోర్డుకి కలిపి ఉండగా మెగ్గర్ పెడితే బోర్డు కూడా పోతుంది. 1 మెగోమ్ కన్నా తక్కువ వస్తే ఆ మోటారు వాడకూడదు. సీలు కారి తడిసినదైతే విప్పి, వెచ్చటి పొడిగాలిలో ఒకటి రెండు రోజులుంచి మళ్లీ కొలవండి. పెరిగితే సీలు, బేరింగులు మార్చి వాడుకోవచ్చు. పెరగకపోతే వైండింగ్ చేయించడమో, మోటారు మార్చడమో.

ప్రశ్న: జెట్ల జోరు నెలనెలా తగ్గుతోంది. మోటారు చప్పుడులో తేడా లేదు.

ఫిల్టర్ తీసి అయిదు నిమిషాలు నడపండి. జోరు తిరిగొస్తే అక్కడితో అయిపోయింది. మామూలు కడుగుడుకి నూనె, లోషన్ల జిడ్డు పోదు, ఫిల్టర్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టాలి. ఫిల్టర్ లేకుండా ఎక్కువసేపు నడపకండి, వెంట్రుకలన్నీ ఇంపెల్లర్‌కే చుట్టుకుంటాయి. తేడా లేకపోతే వాల్వులు చూడండి. పలక వాల్వుల్లో పిడి పైకి లేచినా లోపలి పలక ఊడి సగం దారికి అడ్డంగా పడి ఉంటుంది, పైకి మాత్రం తెరిచినట్టే కనిపిస్తుంది. ఆ రెండూ కాకపోతే కేసింగ్ విప్పి ఇంపెల్లర్ రెక్కల మధ్య చూడాల్సిందే. వెంట్రుకల ఉండ, ఆకు ఈనె, ఫిల్టర్ గుడ్డ పీలిక ఎక్కువగా దొరికేవి.

ప్రశ్న: వేరే దేశం నుంచి తెప్పించిన టబ్ అండి. పంపు ఇరవై నిమిషాలు నడిచి తనంతట తానే ఆగుతుంది, గంట తర్వాత మళ్లీ నడుస్తుంది. జెట్లు కూడా మొదటినుంచీ నీరసమే. మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడి.

నేమ్‌ప్లేట్ మీద హెర్ట్జ్ ఎంతుందో చూడండి. 60 అని ఉండి, మీ ఇంటి సరఫరా 50 అయితే రెండు కష్టాలకీ కారణం ఒక్కటే. 60 హెర్ట్జ్ మీద నిమిషానికి దాదాపు 3,450 చుట్లు తిరిగే మోటారు 50 మీద 2,850 చుట్లే తిరుగుతుంది. నీటి పరిమాణం ఆరింట ఒక వంతు తగ్గుతుంది, ఒత్తిడి ఇంకా ఎక్కువగా, దాదాపు 30 శాతం పడిపోతుంది. అదే వోల్టేజి తక్కువ హెర్ట్జ్‌తో ఇస్తే మోటారు ఇనుము అయస్కాంతంతో నిండిపోయి అదనపు కరెంటు లాగుతుంది, అదే ఆ వేడి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజినే మారుస్తుంది, హెర్ట్జ్‌ని కాదు. 50 హెర్ట్జ్ మోటారు వేయడమే మార్గం. బోర్డు కూడా 50కి ఒప్పుకుంటుందో లేదో దాని లేబుల్ మీద చూసుకోండి.

నేమ్‌ప్లేట్ మీద 50 హెర్ట్జే ఉంటే క్లాంప్ మీటరు ఒక్క వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలవండి. ప్లేటు మీద రాసినదాన్ని దాటుతోందా? అయితే బేరింగ్ బరువు, తగ్గిన వోల్టేజి, వీకైన రన్ కెపాసిటర్, ఈ మూడూ చూడండి. మోటారు నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర వోల్టేజి ప్లేటు విలువకి 10 శాతం లోపు తేడాలో ఉండాలి. కరెంటు సరిగ్గానే ఉంటే మోటారు వెనక గాలి రంధ్రాలకి పెచ్చులు, ఇన్సులేషన్ పీచు అడ్డుపడ్డాయేమో చూడండి. వేడి నిలవాలని మోటారు చుట్టూ దూది కుక్కేవాళ్లున్నారు. మోటారుకి ఊపిరాడదు.

ప్రశ్న: పంపు మార్చక తప్పేటట్టు లేదు. ఎలాగూ మారుస్తున్నాం, 2 హార్స్‌పవర్ బదులు 4 వేస్తే జెట్లు గట్టిగా వస్తాయా?

డబ్బా మీద హార్స్‌పవర్ అంకెని పట్టించుకోకండి. క్షణకాలం అందే గరిష్ఠ శక్తిని పెద్ద అక్షరాల్లో వేసి అమ్ముతారు. పోల్చాల్సింది నేమ్‌ప్లేట్ మీద యాంపులు. హై, లో రెండు స్పీడ్ల యాంపులూ పాతదానికి దగ్గరగా ఉండాలి. వోల్టేజి, హెర్ట్జ్, ఒక స్పీడా రెండా అన్నవి అచ్చంగా కలవాలి. ఫ్రేమ్ (మోటారు సైజు అంకె) 48 అయితే పాదం నుంచి షాఫ్ట్ మధ్యకి 3 అంగుళాలు, 56 అయితే మూడున్నర. యూనియన్ కొలతలో చాలామంది తికమకపడతారు: 2 అంగుళాల పంపు నోటి మీద మరల బయటి వ్యాసం కొలిస్తే సుమారు 3 అంగుళాలొస్తుంది, ఒకటిన్నర అంగుళాల దానికి రెండున్నరకి కొంచెం తక్కువగా, దాదాపు 2.4 అంగుళాలు. నీరు బయటికి పోయే నోరు పక్కకా మధ్యకా అన్నది కూడా చూసుకోవాలి. వైర్ల రంగులు నమ్మవద్దు, కొత్త మోటారు మీద బొమ్మ ప్రకారమే కలపండి.

పెద్ద పంపు విషయానికొస్తే, వద్దు. బోర్డు మీది రిలే, ఫ్యూజు అంత కరెంటుకి తగ్గవి కావు. అంతకన్నా పెద్ద ప్రమాదం టబ్ అడుగున నీరు లాగే జల్లెడ మూత దగ్గరుంది. దానిమీద ఎంత ప్రవాహానికి పనికొస్తుందో, ఎన్నేళ్లు వాడాలో అచ్చువేసి ఉంటుంది. ఆ ప్రవాహం దాటితే జుట్టు, ఒళ్లు అక్కడ అతుక్కుపోయి మనిషి పైకి లేవలేని పరిస్థితి వస్తుంది. పిల్లలకి మరీ ప్రమాదం. మూత పగిలినా, ఊడినా, ఆ గడువు దాటినా పంపు అసలు నడపకూడదు.

ప్రశ్న: రెండేళ్లలో మూడు సీళ్లు మార్చాను. ప్రతిసారీ మంచి కంపెనీదే వేస్తున్నా.

ముందు నీటిని పరీక్షించండి. పీహెచ్ 7.2 కన్నా కిందికి పోతే సీలు స్ప్రింగుని, హీటర్ని తినేస్తుంది. 7.8 దాటి, కాల్షియం కూడా ఎక్కువుంటే సీలు ముఖాల మీద సున్నం పేరుకుని గీతలు పెడుతుంది. కాల్షియం 150 నుంచి 250 పీపీఎం మధ్య ఉంచండి. క్లోరిన్ షాక్ (ఒకేసారి ఎక్కువ మోతాదు) వేశాక కనీసం ఇరవై నిమిషాలు మూత తెరిచి, పంపు నడపండి. పొడిని ఫిల్టర్ గుంటలో పోసే అలవాటుంటే మానండి. అక్కడ పోసిన మందు పలచబడకముందే నేరుగా పంపు సీలుకి తగులుతుంది. బకెట్ నీటిలో కలిపి టబ్ మధ్యలో, నీరు తిరుగుతుండగా పోయాలి.

నీరు సరిగ్గానే ఉంటే షాఫ్ట్ వంకరని అనుమానించండి. డయల్ గేజ్ ఉన్న మెకానిక్ దగ్గర ఇంపెల్లర్ మర దగ్గర షాఫ్ట్ ఊగుడు చూపించండి. ముందు బేరింగ్ అరిగి ఉన్నా షాఫ్ట్ ఊగి, ఎంత మంచి సీలు వేసినా దాని ముఖాలు కలిసి ఉండనివ్వదు. అలాంటప్పుడు నాలుగో సీలు కొనేముందు బేరింగులు మార్చండి.